పొడపత్రి ఆకు, సుగర్ మాత్ర, మన హక్కు



మీలో ఎంతమంది పొడపత్రి ఆకు నమిలారు? నమలనివాళ్లు ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక ఆకు నమిలి, వెంటనే చిటికెడు చక్కెర నోట్లో వేసుకోండి. ఇసుక నమిలినట్టు ఉంటది. ఆ ఆకులోని జిమ్నిమిక్ ఆమ్లాలు నాలుకకు తీపి తెలియకుండా కాసేపు ఆపేస్తాయి. హిందీలో గుడ్‌మార్ అంటారు, బెల్లాన్ని చంపేది అని. సుగర్‌కు మనోళ్లు వాడే ఆకు ఇదే.

మరి పనిచేస్తదా? నాలుక మీద తీపి పోయినంత మాత్రాన రక్తంలో చక్కెర తగ్గినట్టు కాదు. అది పరీక్షిస్తేనే తెలుస్తది. వేగిస చెక్కనే తీసుకోండి. కొత్తగా సుగర్ వచ్చిన 97 మందికి ఐసీఎంఆర్ దాన్ని ఇచ్చి చూసింది. 12 వారాల్లో 67 మందికి అదుపులోకి వచ్చిందని 1998లో ప్రకటించారు. బాగుంది. కానీ పోల్చి చూడడానికి ఆ మందు ఇవ్వని గుంపు ఆ పరీక్షలో లేదు. డాక్టర్లు రాసే మెట్‌ఫార్మిన్ మూలం కూడా గాలెగా అనే యూరప్ మొక్కే. దానిలోని పదార్థం విషం. దానికి దగ్గరి రసాయనాన్ని ల్యాబులో చేసి, 1957 నాటికి ఫ్రాన్స్‌లో రోగులకు వాడారు. మన ఆకులకూ అంత ఓపికతో పరీక్షలు జరగాలని అడుగుదాం.

అంతవరకు మాత్ర మానొద్దు. ఇన్సులిన్ అసలే మానొద్దు. టైప్ 1 సుగర్ ఉన్న పిల్లలకు పసరు పోసి ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదకు వస్తది. మాత్రతో పాటు ఆకు కూడా తీసుకుంటే సుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. డాక్టర్ తిడతాడని దాచకండి. ఇంకో మాట, మన గూడేల్లో సికిల్ సెల్ ఉంది కదా, అది ఉన్నవాళ్లకు హెచ్‌బీఏ1సీ పరీక్ష తప్పు చూపించొచ్చు. ముందే చెప్పాలి.

ఇక ఈ ఆకు ఎవరిది? 1999లో అమెరికాలో న్యూజెర్సీ కంపెనీ ఒకటి పేటెంట్ తీసుకుంది, నంబరు 5900240. పొడపత్రి, నేరేడు, కాకర, వంకాయ, వీటిలో కనీసం రెండు కలిపిన సుగర్ మందుకు. వంకాయను కూడా వదల్లేదు చూడండి!

మన దేశంలో 2002 జీవవైవిధ్య చట్టం లాభంలో వాటా ఇవ్వాలంది. 2023 సవరణ, గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడే ఇక్కడి కంపెనీలకు ఆ బాధ్యత తీసేసింది. పొడపత్రి ఆయుర్వేదంలో మేషశృంగి. అంటే ఆకు కోసేది మనం, పుస్తకం చూపించి తప్పించుకునేది వాళ్లు.

అయితే 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(కె) ఉంది. జీవవైవిధ్యానికి సంబంధించిన మేధో సంపత్తి మీద, సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు మనదని రాసి ఉంది. పోడు పట్టాల కోసం కొట్లాడినంతగా దీన్ని మనం అడగలేదు. ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయడానికి మీ ఊరికి ఎవరైనా వస్తే, అవ్వలు చెప్పినవాటిలో ఏది రాయాలో, ఏది రాయకూడదో ముందు గ్రామసభలో తేల్చండి. తీర్మానం కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.