వైద్యవిద్యయా? నర్సింగు విద్యయా?

(సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)

ముందు వరుసలో కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నా ఆశీస్సులు. ఈ ప్రసంగము ముఖ్యముగా వారి కొఱకును, వారి తల్లిదండ్రుల కొఱకును ఉద్దేశింపబడినది.

జీవశాస్త్రము తీసికొని పన్నెండవ తరగతి ముగించిన పిల్లలున్న యిండ్లలో ప్రతి వేసవియందును ఒక ప్రశ్న బయలుదేరును. డాక్టరు చదువా, నర్సు చదువా? నిజము చెప్పవలెనన్న, పెక్కు ఇండ్లలో ఈ రెండవ పేరు మొదట వినబడనే వినబడదు. "ఎం.బి.బి.ఎస్. సీటు రాలేదండీ, ఏదో నర్సింగులో చేర్పించితిమి" అని తండ్రి పదిమందిలో చెప్పును. ప్రక్కన నిలిచిన బిడ్డ తల వంచుకొనును. పాఠము మొదలు కాకముందే ఆమె చదువుమీద ఓటమి ముద్ర పడినది. ఆ ముద్ర న్యాయమైనదేనా యని విచారించుటయే నేటి నా పని.

మనము నివసించుచున్న ఈ కలకత్తా నగరమునకు ఈ విషయమున గొప్ప చరిత్ర కలదు. ఇచ్చట మెడికల్ కాలేజి 1835లో స్థాపింపబడెను. మరుసటి సంవత్సరముననే మధుసూదన గుప్త శవపరిచ్ఛేదము చేసి, సంఘము విధించిన కట్టుబాటును దాటెను. కాని స్త్రీకి ఆ కాలేజి ద్వారము తెరచుకొనుటకు ఇంచుమించు అర్ధ శతాబ్దము పట్టినది. అబలా దాస్ అను వంగ బాలిక ఇచ్చట ప్రవేశము దొరకక, 1882లో మద్రాసునకు వెళ్ళి వైద్యము చదువవలసి వచ్చెను. తరువాత కాదంబినీ గంగూలీ పట్టుదలతో ఇచ్చటనే చేరి, 1886లో వైద్యము చేయు అర్హత సంపాదించెను. 1891లో ఒక పత్రిక ఆమె శీలమును నిందింపగా ఆ దంపతులు న్యాయస్థానమునకు వెళ్ళిరి. సంపాదకునకు కారాగార శిక్ష పడెను. మన తెలుగునాట కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె అచ్చమాంబగారు డాక్టరై పేరు గాంచి, 1957లో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికైరి. స్త్రీ డాక్టరును సంఘము మొదట నిందించి, పిదప సహించి, తుదకు గౌరవించినది.

మరి నర్సు మాట యేమి? లండనులో ఫ్లారెన్సు నైటింగేలు 1860లో శిక్షణాలయము తెరచెను. మన దేశమున బి.ఎస్‌సి. నర్సింగు తరగతులు 1946లో ఢిల్లీలోను, వెల్లూరులోను మొదలయ్యెను. ఇండియన్ నర్సింగు కౌన్సిలు చట్టము 1947 నాటిది. అనగా పట్టభద్రురాలైన నర్సు మన దేశమున స్వాతంత్ర్యము ఈడుది. మన పెద్దల మనస్సులలో నిలిచియున్న చిత్రము అంతకు ముందటిది. పరుల దేహమును తాకుట, మలమూత్రములు శుభ్రపరచుట, రాత్రులు ఇల్లు విడిచి యుండుట: ఇవి మైల, ఇవి కులస్త్రీలకు తగవు అను భావము వారిది. ఆ పనిని మన దేశమున తొలుత తలకెత్తుకొన్నవారిలో క్రైస్తవ స్త్రీలు అధికులు. వారి సేవ పొందితిమి గాని, వారి వృత్తికి పీట వేయలేదు. నేటికిని మనము నర్సింగును రెండవ పంక్తిలో కూర్చుండబెట్టుటకు మూలము ఇదియే గాని, ఆ చదువులోని లోపము కాదు.

ఇక పనిలోని భేదము చూతము. రోగమేదో నిర్ణయించుట, చికిత్స విధించుట, దాని ఫలితమునకు బాధ్యత వహించుట డాక్టరు ధర్మము. డాక్టరు రోగి కడ నిలుచునది కొలది నిమిషములు. నర్సు ఎనిమిది గంటలు అచ్చటనే యుండును. రాత్రి రెండు గంటలకు ఊపిరి బరువెక్కినదని, నాడి తప్పుచున్నదని మొట్టమొదట గ్రహించునది ఆమెయే. వ్రాసిన మందు మోతాదు సందేహాస్పదముగా నున్నచో ఆగి అడుగవలసినదియు ఆమెయే. ఒకరిది నిర్ణయము, ఒకరిది నిరంతర జాగరూకత. ఇవి మెట్టుకు పైమెట్టు కావు. రెండు వేరు వేరు శాస్త్రములు. కావుననే నర్సింగు పట్టము పొందినవారు నేరుగా ఎం.బి.బి.ఎస్. నడిమి సంవత్సరములో చేరుటకు మన దేశమున మార్గము లేదు. "ముందు నర్సింగులో చేరి, తరువాత డాక్టరు కావచ్చును" అని పిల్లలను ఓదార్చు పెద్దలు ఈ సంగతి గుర్తింపవలెను.

కాలము, పరీక్షల సంగతి క్లుప్తముగా చెప్పెదను. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరముల చదువు, పిదప ఒక సంవత్సరము ఇంటర్నుషిప్పు. ఎం.డి. గాని, ఎం.ఎస్. గాని కావలెనన్న మరి మూడు సంవత్సరములు. అనగా పదునెనిమిదేండ్ల బిడ్డ నిపుణుడగునప్పటికి ముప్పదికి చేరువగును. ప్రవేశమునకు నీట్ పరీక్ష, 720 మార్కులు. అందు సగము జీవశాస్త్రమునకే. బి.ఎస్‌సి. నర్సింగు నాలుగు సంవత్సరములు, జి.ఎన్.ఎం. మూడు సంవత్సరములు. పశ్చిమ వంగమున బి.ఎస్‌సి. నర్సింగు ప్రవేశమునకు జెన్‌పాస్ అను పరీక్ష గలదు. అలీపూరులోని సైనిక కమాండు ఆసుపత్రిలో నర్సింగు కళాశాల యున్నది. అందు స్త్రీలకే ప్రవేశము. చదువు ముగించి అర్హులైనవారికి సైన్యమున లెఫ్టినెంటు హోదా లభించును. ఈ నగరముననే యుండియు మనలో ఎందరికి దీనిని గూర్చి తెలియునో ఆలోచింపుడు.

బదిలీలపై తిరుగు మనకు స్థానికత యను చిక్కు ఒకటి యున్నది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో స్థానిక అభ్యర్థి యగుటకు అచ్చట వరుసగా నాలుగేండ్లు చదివి యుండవలెనను నియమము ప్రధానమైనది. ఇచ్చట వంగ రాష్ట్రపు కోటాకు నివాస నిబంధనలు వేరు. అఖిల భారత కోటా, ప్రభుత్వ కాలేజీల సీట్లలో 15 శాతము మాత్రమే. కావున బిడ్డ తొమ్మిదవ తరగతిలో నున్నప్పుడే ఈ లెక్క చూచుకొనుడు. ఆయా సంవత్సరపు ప్రకటనను స్వయముగా చదువుడు.

జీతముల మాట మనకు బాగుగా అర్థమగును! ఏడవ వేతన సంఘము ప్రకారము 2016 నుండి కేంద్ర ఆసుపత్రులలో నర్సింగు ఆఫీసరుది లెవెలు 7, ప్రారంభ మూలవేతనము 44,900 రూపాయలు. వైద్యాధికారిది లెవెలు 10, ప్రారంభ మూలవేతనము 56,100 రూపాయలు, దానిపై నాన్ ప్రాక్టీసింగు అలవెన్సు. లెవెలు 7 అనగా ఆదాయపు పన్ను ఇన్‌స్పెక్టరు లెవెలే. ఇన్‌స్పెక్టరు అల్లుడు దొరకెనని బంధువులందరకు జాబులు వ్రాయు మనము, అదే లెవెలులోని నర్సింగు ఆఫీసరు కోడలుగా వచ్చుటకు సంకోచించుట వింత గాదా? అయితే ఒక హెచ్చరిక. ప్రైవేటు ఆసుపత్రులలో పెక్కింట నర్సుల జీతములు దీనికి చాల దిగువన నుండును. చేరబోవు కళాశాలకు గుర్తింపు గలదా, దానికి అనుబంధముగా నిజముగా రోగులున్న ఆసుపత్రి యున్నదా యని చూడక రుసుము చెల్లింపకుడు. ఎం.బి.బి.ఎస్. కొఱకు ప్రావిడెంటు ఫండు ఖాళీ చేసి, ఊరిలోని పొలము అమ్ముటకు సిద్ధపడు తండ్రులును ఇట్లే లెక్క వేసికొనవలెను. విదేశమున చదివివచ్చినవారు ఇచ్చట మరల అర్హతా పరీక్ష నెగ్గవలెనని మరువరాదు.

ఆడపిల్లల తల్లుల మనస్సులలో నున్న మాట నేను దాటవేయజాలను. 2024 ఆగస్టు 9న ఈ నగరమునందలి ఆర్.జి. కర్ మెడికల్ కాలేజిలో, విధినిర్వహణలో నున్న ఒక యువ వైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురియైనది. సర్వోన్నత న్యాయస్థానము తనంత తానుగా విచారణకు గైకొని, వైద్యసిబ్బంది రక్షణకై జాతీయ కార్యదళమును ఏర్పరచెను. ఆ పిమ్మట "మా అమ్మాయికి ఈ రెండు చదువులును వద్దు" అన్న తల్లులు గలరు. వారి భయము నిరాధారమైనది కాదు. కాని భయమునకు జవాబు బిడ్డను ఇంట కూర్చుండబెట్టుట కాదు. రాత్రి విధిలో విశ్రమించు గదికి తలుపు, గడియ, వెలుతురు, కాపలా ఉన్నవా యని అడుగుట. డాక్టరు గాని, నర్సు గాని, రాత్రి మేల్కొను స్త్రీ లేనిచో ఆసుపత్రియే లేదు. మన యింటి రోగికి ఆ రాత్రి మేల్కొనునది ఎవరి బిడ్డయో యని ఒక్కసారి తలంపుడు.

తుదిగా పిల్లలకు ఒక మాట. మీకు జబ్బు యొక్క కారణము వెదకుటయందు ఆసక్తియా, జబ్బుపడిన మనిషి ప్రక్కన నిలుచుటయందు ఆసక్తియా? దీర్ఘకాలము పుస్తకములతో గడపు ఓర్పు, తప్పైనను ఒప్పైనను నాదేయని నిర్ణయము చేయు ధైర్యము గలవో లేవో పరీక్షించుకొనుడు. వీలైనచో ఏదేని ఒక ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో బంధువునకు తోడుగా ఒక రాత్రి గడుపుడు. పది ఉపన్యాసములు చెప్పలేనిది ఆ రాత్రి చెప్పును. నీట్ మరల వ్రాయదలచినచో ఒక సంవత్సరము వ్రాయుడు. కాని మీ ఇచ్ఛ మీద వ్రాయుడు, ఇరుగుపొరుగు వారి నోటికి జడిసి కాదు. మగపిల్లలారా, నర్సింగు మీకును అనేక కళాశాలలలో తెరచియే యున్నది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. మీ బిడ్డ నర్సింగును కోరి ఎన్నుకొన్నచో, పదిమందిలో "సీటు రాలేదు" అనకుడు. "మా అమ్మాయి నర్సింగు చదువుచున్నది" అని తలయెత్తి చెప్పుడు. ఆ వాక్యము మార్చుటకు ప్రవేశ పరీక్ష లేదు, రుసుము లేదు.