వైమార్ ఊరు, ఎటర్స్‌బర్గ్ కొండ



చరిత్ర పాఠం చెప్పడమే జీవితంగా బతికిన గురువుగారి స్మారకోపన్యాసానికి ఆధునిక జర్మనీని ఎంచుకున్నాను. ఒక జాతి తన ఘనతనూ తన నేరాన్నీ ఒకే చరిత్రగా రాసుకోగలదా అన్నది నా ప్రశ్న. అందుకు దేశమంతా గాలించనక్కర్లేదు. తురింగియా రాష్ట్రంలోని వైమార్ అనే చిన్న ఊరు చాలు.

కవి గోథే 1775లో ఇక్కడికి వచ్చి, 1832లో కన్నుమూసేదాకా ఈ ఊరినే నివాసం చేసుకున్నాడు. నాటకకర్త షిల్లర్ చివరి ఏళ్లు గడిపిందీ ఇక్కడే. 1871లో బిస్మార్క్ దేశాన్ని ఏకం చేయడానికి ఎంతో ముందే, తామంతా ఒక జాతి అని జర్మన్లు చెప్పుకోవడానికి ఈ సాహిత్యం ఆసరా ఇచ్చింది. 1919లో గణతంత్ర రాజ్యాంగాన్ని ఆమోదించిన సభ ఈ ఊరి నాటకశాలలోనే సమావేశమైంది. అదే ఏడాది వాల్టర్ గ్రోపియస్ ఇక్కడే బౌహౌస్ కళాశాలను స్థాపించాడు.

ఆ తర్వాతి కథను నిదానంగా చదవాలి. 1924లో రాష్ట్రంలో సంప్రదాయవాదుల ప్రభుత్వం ఏర్పడి బౌహౌస్ నిధులకు కోత పెట్టింది. మరుసటి ఏడాది కళాశాల డెస్సౌకు తరలిపోయింది. 1930 జనవరిలో మెజారిటీ చాలని పార్టీలు నాజీలను కలుపుకుని విల్‌హెల్మ్ ఫ్రిక్‌కు హోం, విద్యా శాఖలు అప్పగించాయి. ఒక జర్మన్ రాష్ట్రంలో నాజీ మంత్రి కావడం అదే మొదలు. హిట్లర్ ఛాన్సలర్ కావడానికి ఇంకా మూడేళ్లు ఉంది. అంటే తలుపు తీసినవాళ్లు నాజీలు కారు, నాజీలతో పని జరిపించుకుందామనుకున్నవాళ్లు.

1937 జూలైలో ఊరికి పది కిలోమీటర్లలోపే, ఎటర్స్‌బర్గ్ కొండ మీద నిర్బంధ శిబిరం తెరిచారు. మొదట దానికి ఆ కొండ పేరే పెట్టారు. వైమార్‌లోని నాజీ సాంస్కృతిక సంఘం అభ్యంతరం చెప్పింది: ఆ కొండ గోథే తిరుగాడిన చోటు, ఆ పేరు శిబిరానికి తగదని. పేరు బుకెన్‌వాల్డ్‌గా మారింది, శిబిరం అక్కడే ఉంది. అడవి కొట్టేసినా గోథే పేరుతో ముడిపడ్డ ఒక ఓక్ చెట్టును మాత్రం ఎస్.ఎస్. దళం కంచె లోపల నిలిపి ఉంచింది. మొదటి ఏళ్లలో ఖైదీల శవాలు ఊరి శ్మశానవాటికలోనే కాలాయి. శిబిరం పాలైన 2,50,000కు పైబడిన మనుషుల్లో దాదాపు 56,000 మంది చనిపోయారు. నన్ను వెంటాడేది ఆ సంఘం అభ్యంతరమే. సంస్కృతి మీద గౌరవం ఉండి కూడా మనిషి మీద గౌరవం లేకపోవచ్చునని అది రుజువు చేసింది.

1945 ఏప్రిల్‌లో శిబిరం విముక్తి అయ్యాక అమెరికన్ సైన్యం సుమారు వెయ్యి మంది ఊరివాళ్లను కొండెక్కించి అంతా చూపించింది. తమకేమీ తెలియదన్నారు చాలామంది. తర్వాత 1950 వరకు సోవియట్లు అక్కడే తమ శిబిరం నడిపారు. అందులోనూ 7,000 మందికి పైగా పోయారు. 1958లో తూర్పు జర్మనీ ప్రభుత్వం కట్టించిన స్మారకం కమ్యూనిస్టు ఖైదీల ప్రతిఘటననే కీర్తించింది, సోవియట్ శిబిరం ఊసెత్తలేదు. దేశం ఏకమైన తర్వాతే ఆ రెండో చరిత్రకూ అక్కడ ప్రదర్శనశాల వచ్చింది. అయితే ఒక నేరం చూపించి మరో నేరాన్ని మాఫీ చేయకూడదని 1986లో నాజీ నేరాలను సోవియట్ నేరాలతో పోల్చడంపై సాగిన చరిత్రకారుల వివాదంలో తత్వవేత్త యుర్గెన్ హాబర్మాస్ చరిత్రకారుడు ఎర్న్‌స్ట్ నోల్టెను నిలదీసిన మాట ఇక్కడ మరవరాదు.

జర్మన్ల రక్తంలోనే ఈ నేరం ఉందనేవారూ, ఒక్క ఉన్మాది చేసిన పని అనేవారూ ఉన్నారు. వైమార్ రెండింటినీ ఒప్పుకోదు. రాజ్యాంగం ఆమోదించిన ఊరే ఆ శిబిరాన్నీ భరించింది. మధ్యలో ఉన్నవి నిధుల కోతలు, పొత్తులు, సంతకాలు, మౌనాలు. అవన్నీ మనుషులు తీసుకున్న నిర్ణయాలు, వేరేగా తీసుకోగలిగినవి.

విద్యార్థులారా, ఇవాళ మన తెలుగు పిల్లలు ఎందరో జర్మనీ విశ్వవిద్యాలయాలకు వెళ్తున్నారు. వెళ్లినవారు గోథే ఇల్లు చూసి ఆగిపోవద్దు, ఆ కొండా ఎక్కండి. ఇక్కడ ఉన్నవారు ఏ జాతి చరిత్ర చదివినా, మన చరిత్రే చదివినా, ఎవరు నిర్ణయించారు, ఎవరు సంతకం చేశారు, ఎవరు ఊరుకున్నారు అని పేరు పేరునా అడగండి. ఆ ప్రశ్నలకు భయపడని దేశభక్తే నిలబడుతుంది.