ఏథెన్సు నుంచి మైసీనీ దాకా

ఏథెన్సులో పొద్దున్నే టూరిస్టు బస్సెక్కి పడమరగా వెళితే ముందు కోరింత్ కాలువ వస్తుంది. ఆరు కిలోమీటర్ల పైచిలుకు పొడవున రాతిని నిలువునా కోసి, 1893లో ఓడలకు దారి తెరిచారు. రోమన్ చక్రవర్తి నీరో క్రీ.శ. 67లోనే ఇక్కడ తవ్వకం మొదలుపెట్టించాడు. మరుసటి ఏడాది అతను చనిపోయాడు, పని ఆగిపోయింది.

తరువాతి మజిలీ ఎపిడారస్. అక్కడ మాత్రం తొందరపడకండి. బస్సు దిగినవాళ్ళంతా నేరుగా నాటకశాలకు పరుగెడతారు. పన్నెండు వేల మందికి పైగా పట్టే ఆ రాతిమెట్లు చూడవలసినవే. అయితే అక్కడికి జనం వచ్చింది వైద్యదేవుడు అస్క్లేపియస్ కోసం. నాటకాలు ఆయన ఉత్సవాల్లో భాగం. రోగులు శుచిగా స్నానం చేసి, రాత్రి మంటపంలో పడుకునేవారు. దేవుడు కలలో కనిపించి నయం చేస్తాడని నమ్మకం. నయమైనవారి కథలు రాతిపలకల మీద చెక్కించారు. నాకు నాటకశాల కన్నా ఆ పలకలే ఎక్కువ ఇష్టం. ఒక పలక మీది కథ ఇది: ఒక కన్ను కనిపించని అంబ్రోసియా అనే ఆవిడ ఏథెన్సు నుంచి వచ్చింది. కుంటివాళ్ళు, గుడ్డివాళ్ళు కల కంటే బాగవుతారా అని నవ్వింది. అదే రాత్రి దేవుడు కలలోకి వచ్చి, చూపు ఇస్తాను, నీ అజ్ఞానానికి గుర్తుగా వెండి పందిని సమర్పించమన్నాడట. తెల్లారేసరికి చూపు వచ్చిందని పలక చెబుతుంది.

చివరి మజిలీ మైసీనీ కోట. దాని సింహద్వారం క్రీ.పూ. 1250 ప్రాంతానిది. గ్రీకు యాత్రికుడు పౌసానియస్ క్రీ.శ. 2వ శతాబ్దంలో వచ్చేసరికే ఊరు పాడుబడి ఉంది. మనం ప్రాచీనులనుకునే గ్రీకులకే ఇది అంతుపట్టని పాతకాలం! కోటగోడల్లోని ఇంత పెద్ద రాళ్ళు మనుషులు ఎత్తలేరని, ఒంటికన్ను సైక్లోప్‌లే కట్టారని చెప్పుకునేవారు. పౌసానియస్ రాతనే నమ్ముకుని జర్మన్ పురావస్తు అన్వేషకుడు హైన్రిష్ ష్లీమన్ 1876లో ద్వారం లోపలి పక్కన తవ్వాడు. బంగారు ముసుగులు బయటపడ్డాయి. ట్రాయ్ యుద్ధవీరుడు అగమెమ్నాన్ సమాధి దొరికిందనుకున్నాడు. కానీ అవి క్రీ.పూ. 16వ శతాబ్దపు సమాధులు, ఆ యుద్ధం జరిగిందని చెప్పే కాలానికి దాదాపు మూడు వందల ఏళ్ళు ముందటివి.

ముసుగుల కన్నా నన్ను కట్టిపడేసినవి కోట వెలుపలి ఇళ్ళలో 1950లలో దొరికిన మట్టిపలకలు. వాటి లిపిని ఇంగ్లీషు వాస్తుశిల్పి మైకేల్ వెంట్రిస్ 1952లో చదవగలిగాడు. అది గ్రీకు భాషే! రాజుల పరాక్రమం గురించి అందులో ఒక్క ముక్క లేదు. ధనియాలు, జీలకర్ర, నువ్వులు ఎవరి దగ్గర ఎంత ఉన్నాయో లెక్కలు రాసి ఉన్నాయి.