ప్రాణహిత గట్టున ఒక పరిశోధకుడి లెక్క



ఏడాదిలో వచ్చిన పరిశోధనను అధ్యక్షుడు సమీక్షించడం ఇలాంటి సభల ఆనవాయితీ. ఎన్ని పత్రాలు వచ్చాయి, ఎవరిని ఎందరు ఉటంకించారు అని చెప్పి కూర్చోవచ్చు. ఆ లెక్కనే ఈవేళ పరిశీలనకు పెట్టాలనుకుంటున్నాను. అందుకు ప్రాణహిత గట్టునున్న ఈ సిరోంచకు మించిన చోటు లేదు. ఇక్కడి ఎర్రమట్టిలో, ఇసుకరాతిలో, కోట ఊరి పేరుతో పిలిచే సున్నపురాతిలో పనిచేసినవాళ్ల పేర్లు ప్రపంచంలో రాక్షసబల్లుల గురించి రాసే ప్రతివాళ్లకూ తెలుసు. అయితే మన విశ్వవిద్యాలయాలు కొలిచే కొలతలో ఆ పేర్లు చాలా చిన్నవిగా కనిపిస్తాయి.

ఆ కొలత ఎలా వచ్చిందో క్లుప్తంగా చెబుతాను. ఒక పత్రాన్ని తర్వాతివాళ్లు ఎన్నిసార్లు పేర్కొన్నారో చూసుకునేందుకు యూజీన్ గార్ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను ప్రచురించాడు. పాత పత్రం నుంచి దాని తర్వాతి చర్చలోకి దారి వెతుక్కోవడానికి అది గొప్ప సాధనం. 2005లో హోర్హె హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించాడు. ఒక పరిశోధకుడి పత్రాల్లో కనీసం పదింటికి ఒక్కొక్కదానికి పదేసి ఉటంకింపులైనా ఉంటే, పదకొండింటికి పదకొండేసి లేకపోతే, ఆయన సంఖ్య పది. దారి చూపడానికి పుట్టిన పట్టిక మనుషులకు మార్కులు వేసే పట్టికగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు. ఇప్పుడు ఉద్యోగం, పదోన్నతి, ప్రాజెక్టు నిధులు అన్నీ దానిచుట్టూనే తిరుగుతున్నాయి. ప్రపంచంలోని మేటి రెండు శాతం శాస్త్రవేత్తల జాబితా వచ్చిందంటే మన పత్రికల జిల్లా పేజీల్లో అభినందనలు కనిపిస్తాయి. వాళ్ల శ్రమను నేను తక్కువ చేయడం లేదు. ఆ కొలతబద్ద ఈ నేల మీద ఎక్కడెక్కడ తప్పుతుందో చూడమంటున్నాను.

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన పి. యాదగిరి గారి పరిశోధననే తీసుకుందాం. ప్రాణహిత అవతల, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర కోట శిలల్లో 1970ల చివర పెద్ద ఎత్తున ఎముకలు బయటపడ్డాయి. కనీసం పన్నెండు జంతువులకు చెందిన 840 ఎముకలు. పుర్రె దొరకలేదు, పళ్లు మాత్రం దొరికాయి. వాటిని ఏళ్ల తరబడి శుభ్రం చేసి, జతపరిచి, పోల్చి చూసి 1988లో ఆయన ఆ జంతువుకు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన కోట, మన యామన్‌పల్లి రెండూ ఆ పేరులో ఉన్నాయి. సవివరమైన అస్థివర్ణన 2001లో అమెరికా నుంచి వచ్చే జర్నల్ ఆఫ్ వర్టిబ్రేట్ పేలియంటాలజీలో అచ్చయింది. ఆ ఎముకలను అమర్చిన అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. పేరు పెట్టడానికీ పూర్తి వర్ణనకూ మధ్య పదమూడేళ్లు. ఏటా పత్రాలు అడిగే నేటి వ్యవస్థలో ఆ పదమూడేళ్లను ఏ ఫారంలో, ఏ గడిలో రాయాలి?

ఇక ఉటంకింపుల సంగతి. కోటసారస్‌కు పేరు పెట్టిన 1988 పత్రం సర్వే సొంత ప్రచురణ అయిన రికార్డ్స్‌లో వచ్చింది. సర్వే ఉద్యోగుల పనిలో అధికభాగం అలాంటి ప్రచురణల్లో, ఫీల్డ్ సీజన్ నివేదికల్లో ఉంటుంది. గుత్తగా లెక్కలు కట్టే యంత్రాలు అటువైపు పెద్దగా తొంగిచూడవు. దానికి తోడు మరో చిక్కు ఉంది. నా దృష్టిలో ఇదే అసలు అన్యాయం. జీవవర్గీకరణ శాస్త్రంలో జంతువు పేరు పక్కన దానికి నామకరణం చేసినవాళ్ల పేరు, సంవత్సరం రాస్తారు. కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ యాదగిరి, 1988 అని. ఆ రాత చాలా పత్రాల్లో పేరులో భాగంగానే ఆగిపోతుంది, చివరి ఆధారాల పట్టికకు ఎక్కదు. పట్టికకు ఎక్కనిది లెక్కకు రాదు. సౌరోపాడ్ అనే పొడుగు మెడ, నాలుగు స్తంభాల కాళ్ల మహాజంతువులు ఎలా పుట్టాయో రాసేవాళ్లు కోటసారస్‌ను పట్టించుకోకుండా ముందుకు పోలేరు. దాని పేరు తలచిన ప్రతిసారీ యాదగిరి గారి పనిని తలచినట్టే. ఆయన ఖాతాలో మాత్రం చాలాసార్లు ఏమీ జమకాదు.

ఇదే పరిశోధకుడి మరో పత్రం ఇంకో పాఠం చెబుతుంది. 1979లో ఆయన, కె. అయ్యసామి కలిసి తమిళనాడు అరియలూరు ప్రాంతపు క్రిటేషియస్ శిలల్లో దొరికిన ఎముకలకు ద్రావిడోసారస్ అని పేరు పెట్టారు. వీపు మీద పలకలున్న స్టెగోసార్ జాతిది అన్నారు. 1996లో శంకర్ ఛటర్జీ, డి.కె. రుద్ర అది సముద్ర సరీసృపమైన ప్లీసియోసార్ ఎముక అన్నారు. వాదం తర్వాత కూడా సాగింది. ఒప్పుకున్నవాళ్లూ ఉటంకించారు, కాదన్నవాళ్లూ ఉటంకించారు. లెక్కలో రెండూ ఒకటే. ఒక పత్రం ఆధారంగా నిలిచిందా, తగువుకు తెరతీసిందా, ఆ తగువు వల్ల శాస్త్రం ముందుకు జరిగిందా అన్నది సంఖ్య చెప్పదు. చదివినవాళ్లే చెప్పాలి. తెగని వాదానికి బీజం వేసిన పత్రాన్ని నేను తక్కువగా చూడను. ఎముక ఉన్నంతకాలం, కొలతలు నిజాయితీగా అచ్చయి ఉన్నంతకాలం మరొకరు వచ్చి మళ్లీ చూడగలరు.

ఇవతలి గట్టుకు వద్దాం. సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర 1960, 61 ప్రాంతంలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బృందం మూడువందల దాకా ఎముకలు వెలికితీసింది. కనీసం ఆరు జంతువులవి. వాటి నడుమ శిలలైన చెట్ల మొద్దులు కూడా ఉన్నాయి. ఇదే తాలూకాలోని వడధం దగ్గర మనం చూసే రాతి మొద్దులు తెలిసినవాళ్లకు అది వింతగా తోచదు. సంఖ్యాశాస్త్రవేత్త ప్రశాంతచంద్ర మహలనోబిస్ తన సంస్థలో భూవిజ్ఞాన విభాగం ఏర్పాటు చేయడానికి ఇంగ్లండు నుంచి పమేలా రాబిన్‌సన్‌ను పిలిపించాడు. ఆ విభాగం పనే ఈ తవ్వకం. రవీంద్రుని శతజయంతి సంవత్సరంలో బయటపడిన జంతువు కాబట్టి బరపాసారస్ టాగోరై అయింది. సోహన్‌లాల్ జైన్, టి.ఎస్. కుట్టి, తపన్ రాయ్ చౌధురి, శంకర్ ఛటర్జీ 1975లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో దాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. పూర్తి అస్థివర్ణన 2010లో శాశ్వతి బంద్యోపాధ్యాయ్, ఆమె సహచరుల చేతిమీదుగా వచ్చింది. తవ్వకం నుంచి చివరి మాట దాకా దాదాపు యాభై ఏళ్లు. అంకెల్లోనే జీవితం గడిపిన మహలనోబిస్ ఈ బృందాన్ని ఏటా పత్రాల సంఖ్య చూపమని నిలదీసి ఉంటే కలకత్తాలో ఆ అస్థిపంజరం లేచి నిలబడేది కాదు. దేన్ని లెక్కపెట్టాలో, దేని కోసం ఓపిక పట్టాలో ఆయనకు తెలుసు.

ఇక్కడికి సాహిత్యపరులు కూడా వచ్చారు కాబట్టి స్టీఫెన్ హిస్లాప్ గురించి చెప్పకుండా ఉండలేను. నాగపూర్‌లో స్కాట్లండు మిషనరీ. కోట చేపల శిలాజాల వర్ణన 1851లోనే అచ్చయింది. ఆ తరంలో మలేరి, కోట శిలాజాలను లండన్ పండితుల ముందుకు తెచ్చినవాళ్లలో హిస్లాప్ ముఖ్యుడు. 1863లో వాగు దాటుతూ మునిగి చనిపోయాడు. ఆయన కాగితాల్లో రాళ్ల గురించిన రాతలతో పాటు గోండుల భాష, పాటలు, లింగో కథ ఉన్నాయి. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1866లో గోండులకు సంబంధించినవాటిని అచ్చువేయించాడు. గోండీ సాహిత్యం మీద పనిచేసేవాళ్లు ఇవాళ్టికీ ఆ పుస్తకం దగ్గరికి వెళ్తారు. భూవిజ్ఞానంలో ఆయన హెచ్-ఇండెక్స్ ఎంత అని అడిగితే ఆ పాటలు ఏ లెక్కలోకీ రావు. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో దొరికిన క్రిటేషియస్ కాలపు చిన్న క్షీరదానికి డెక్కనోలెస్టిస్ హిస్లోపి అని పేరు పెట్టారు. ఒక మనిషి పని నూటపాతికేళ్ల తర్వాత ఏ రూపంలో పలికిందో చూడండి.

విలియం కింగ్ విషయం త్వరగా చెబుతాను, సింగరేణి పిల్లలకు కూడా తెలిసిన పేరే. 1871 ప్రాంతంలో ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1881లో ప్రాణహిత గోదావరి లోయ మీద సర్వే మెమోయిర్ రాశాడు. ఇల్లెందులో బొగ్గు పొరకు కింగ్ సీమ్ అన్న పేరు నిలిచింది. ఆ మెమోయిర్‌ను ఎన్నడూ చూడని గని కార్మికుడు షిఫ్టు మారేటప్పుడు ఆయన పేరు పలికాడు. అది కూడా ప్రభావమే.

మరి మనం ఏం చేయాలి? ఉటంకింపుల లెక్కను పారేయమని నేను అనను. దాన్ని సరిచేసే పని మన చేతుల్లోనే ఉంది. కోట శిలల మీద రాసే ప్రతి పత్రంలో జంతువుకు పేరు పెట్టిన మొదటి పత్రాన్ని పూర్తి వివరాలతో ఆధారాల పట్టికలో చేర్చాలి. అది ఒక్క పంక్తి పని. సర్వే నివేదికలను, పాత మెమోయిర్లను చూసి రాసినప్పుడు చూసినట్టు చెప్పాలి. తర్వాతివాళ్ల పుస్తకం నుంచి ఎత్తి, అసలు పత్రం చదివినట్టు రాయడం మన రంగంలో పాతుకుపోయిన దోషం.

రెండోది ఈ ఊళ్లవాళ్లకు సంబంధించినది. ఎముక ఎక్కడ తేలిందో చూపినవాళ్లు, ఎండలో తవ్వినవాళ్లు, బరువు మోసినవాళ్లు పత్రం చివర కృతజ్ఞతల్లో స్థానికులు అన్న ఒక్క మాటలో కలిసిపోతున్నారు. ఒప్పుకున్నవాళ్ల పేర్లు ఊరితో సహా రాయాలి. తెలుగు, మరాఠీ, గోండీ మూడూ వాడుకలో ఉన్న ఈ తాలూకాలో, ఇక్కడి రాళ్ల గురించి ఇంగ్లీషులో అచ్చయిన ప్రతి పత్రానికీ తెలుగులో, మరాఠీలో, వీలైతే గోండీలో రెండు పేజీల వివరణ ఇక్కడి బడులకు చేరాలి. దానికి సైటేషన్లు రావు. అయినా పరిశోధనా ఫలితాల జాబితాలో దాన్ని చేర్చమని మన విశ్వవిద్యాలయాలను ఈ సభ అడగాలి. చేనులో విచిత్రమైన రాయి తగిలిన రైతు దాన్ని పగలగొట్టకుండా, కదపకుండా కబురు పెట్టాలంటే ఆ రాయి ఏమిటో ముందు ఆయన భాషలో ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

ఈ రెండు విషయాలనూ తీర్మానంగా ప్రవేశపెడుతున్నాను. మొదటిది ఈ సదస్సు సంచికలో అచ్చయ్యే పత్రాలకే ముందుగా వర్తించాలి. సంపాదకులు అందుకు సిద్ధమేనని ఆశిస్తూ, చర్చకు సభను ఆహ్వానిస్తున్నాను.