రేకుల గదిలో డోలు

(ఆదివాసీ దినోత్సవం నాడు యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు "స్టూడియో గురించి చెప్పన్నా" అన్నారు. స్టూడియో అంటే పెద్ద మాట. మా ఇంటి వెనక ఒక రేకుల గది ఉంది. పొడవు 12 అడుగులు, వెడల్పు 10. ఒకప్పుడు అందులో పత్తి పోసేవాళ్లం. ఇప్పుడు ఒక పాత ల్యాప్‌టాప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆడియో ఇంటర్‌ఫేస్, నేను అతికించుకున్న నాలుగు మైకులు ఉన్నాయి. వానొస్తే స్టూడియో బంద్. రేకుల మీద చినుకుల చప్పుడును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు. నా బతుకుదెరువు మోటార్ల వైండింగు. పగలు రాగితీగ చుడతాను, రాత్రిళ్లు ఈ గదిలో కూర్చుంటాను.

ఇది ఎట్లా మొదలైందో చెప్పాలి. మా తమ్ముడి పెళ్లిలో మా నాయనమ్మ రెండు గంటలు పాడింది. పందిరి గుంజ పక్కన కూర్చుని, ఒక్కసారి కూడా తడుముకోకుండా, మన కోయ మాటల్లో. నేను ఫోను తీసి డోలు పక్కన స్టూలు మీద పెట్టాను. చోటు బాగుంది, అందరికీ దగ్గరగా ఉంది అనుకున్నాను. మరుసటి ఏడు వానాకాలంలో నాయనమ్మ పోయింది. దినాలయ్యాక ఆ రికార్డింగు తీసి విన్నాను. డోలు దెబ్బ పడినప్పుడల్లా నాయనమ్మ గొంతు మునిగిపోతోంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య మళ్లీ లేస్తోంది, అంతలోనే మళ్లీ దెబ్బ. రెండు గంటల పాటలో ఒక్క చరణం కూడా పూర్తిగా లేదు.

అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఫోన్లలో మామూలుగా శబ్దం మట్టాన్ని దానంతటదే సర్దే ఏర్పాటు ఉంటుంది. పెద్ద చప్పుడు రాగానే మొత్తం తగ్గిస్తుంది, నెమ్మదించగానే పెంచుతుంది. ఇద్దరు మాట్లాడుకోవడానికి అది మంచిదే. డోలుకు పనికిరాదు. దానికి తోడు, పట్టే మట్టం దాటిన శబ్దాన్ని పైన కోసి పారేస్తుంది. కోసేసిన తల మళ్లీ మొలవదు. ఎవరైనా మిక్సింగులో బాగుచేస్తామంటే నమ్మకండి. నేను రెండేళ్లు ప్రయత్నించాను.

అందుకే మొదటి మాట: ఫోనుతో రికార్డు చేసినా సరే, ఆటోమేటిక్ గెయిన్, నాయిస్ తగ్గించే సెట్టింగు ఆపడానికి వీలున్న యాప్ వాడండి. ఎంత పెద్ద దెబ్బ కొట్టినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఆగేట్టు పెట్టుకోండి. గొంతు చిన్నగా వినపడితే తర్వాత పెంచుకోవచ్చు.

ఇక గది. అందరిలాగే నేనూ ముందు గుడ్ల అట్టలు అంటించాను. ఊళ్లో దొరికినవన్నీ ఏరుకొచ్చాను, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతుంది. గదిలో చప్పట్లు కొడితే "టంగ్" అని రేకు మోగేది, అట్టలు పెట్టాక కూడా దాదాపు అట్లాగే మోగింది. పలుచటి అట్ట బయటి శబ్దాన్ని ఆపలేదు, లోపలి లోతైన శబ్దాన్ని పీల్చలేదు. పని చేసింది మన బొంతలే. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో కర్ర చట్రాలు చేసి, లోపల పాత బొంతలు, పరుపుల్లోంచి తీసిన దూది నాలుగు అంగుళాల మందంలో దట్టించి, గోడకు ఇంకో నాలుగు అంగుళాల ఎడంగా నిలబెట్టాను. ఆ ఎడం వదలడం ముఖ్యం. చట్రాలు చేసే ఓపిక లేకపోతే మూడు మంచాలు నిలబెట్టి దుప్పట్లు వేలాడదీసి, మధ్యలో మనిషిని కూర్చోబెట్టండి. గొంతు ఎంత దగ్గరగా వస్తుందో మీరే చూస్తారు.

మైకు సంగతి. ఎలక్ట్రెట్ క్యాప్సూల్ అని వేలిగోరంత ఉంటుంది, ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్లో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. దానికి 9 వోల్టుల బ్యాటరీ, 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, బ్యాటరీ కరెంటు ఇంటర్‌ఫేస్‌లోకి పోకుండా ఒక కెపాసిటర్. అంతే. ఖాళీ మాత్రల డబ్బాలో బిగిస్తే మైకయింది. ఒక్క హెచ్చరిక. ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల ఫాంటమ్ బటన్ ఉంటుంది, ఈ మైకు పెట్టినప్పుడు దాని జోలికి పోకండి. నేను ఒకటి కాల్చాను.

డోలుకు వేరే ఉపాయం. బజర్లలో ఉండే ఇత్తడి బిళ్ళ, పీజో అంటారు. దాన్ని డోలు చెక్కకు అంటిస్తే గాలిలోని శబ్దాన్ని కాకుండా చెక్క అదురును పట్టుకుంటుంది. పక్కన ఎంతమంది అరిచినా డోలు విడిగా వస్తుంది. మొదటిసారి అంటించి విన్నప్పుడు రేకుడబ్బా మీద కొట్టినట్టు వచ్చింది. బిళ్ళ పాడైందనుకుని మూడు మార్చాను. తప్పు బిళ్ళది కాదు. దాని కెపాసిటెన్స్ సుమారు 20 నానోఫారడ్లు. దాన్ని 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌కు నేరుగా కలిపితే 800 హెర్ట్జ్‌కు కింద ఉన్నదంతా తగ్గుతూ పోతుంది. డోలు "ధుమ్" ఉండేదే ఆ కింద. మధ్యలో ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న బఫర్ పెడితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. నేను టీఎల్072 అనే ఎనిమిది కాళ్ల ఐసీతో చేశాను. ఆ రాత్రి హెడ్‌ఫోన్‌లో మా మామ డోలు అసలు గొంతుతో వినపడితే నిద్ర పట్టలేదు.

కరెంటు గురించి, ఇది నా పని కాబట్టి గట్టిగా చెబుతున్నాను. 50 హెర్ట్జ్ "గుయ్" అనే మోత వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేయండి, షీల్డు ఉన్న వైరు వాడండి. మోత పోతుందని ప్లగ్గుకు ఎర్తు పిన్ను విరగ్గొట్టే వాళ్లను చూశాను. పాట కోసం ప్రాణం పోగొట్టుకోవద్దు.

ఇంత చేశాక నేను చేసిన పెద్ద తప్పు చెబుతాను. 1948లో లెస్ పాల్ అనే అమెరికా గిటారిస్టు "లవర్" అనే రికార్డు విడుదల చేశాడు. అందులో గిటారు భాగాలన్నీ అతనే, ఒకదాని మీద ఒకటి ఇంట్లోనే రికార్డు చేసుకున్నాడు. అది చదివి నేనూ అట్లాగే చేద్దామనుకున్నాను. మా మామను గదిలో కూర్చోబెట్టి, చెవుల్లో "టిక్ టిక్" పెట్టి, ముందు డోలు ఒక్కటే వాయించు, పాట తర్వాత కలుపుతాను అన్నాను. నలభై ఏళ్లుగా డోలు కొడుతున్న మనిషి నాలుగు దెబ్బలకే ఆగిపోయాడు. హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టి, "అడుగు కనపడకుండా దెబ్బ ఎక్కడ వేయాల్రా?" అన్నాడు.

నిజమే. మన రేలలో ఆడవాళ్ల అడుగును చూసి డోలు కదులుతుంది, డోలును విని అడుగు మళ్లుతుంది. పాట ఎత్తే మనిషి ఊపిరి తీసుకునేంత సేపు అందరూ ఆగుతారు. ఆ ఆగడం ఏ గడియారంలోనూ లేదు. విడివిడిగా పట్టి అతికిస్తే అన్నీ ఉంటాయి, ఆటే ఉండదు.

అందుకని ఇప్పుడు గదిని పాట ఎత్తే ఒంటరి గొంతులకూ కథలకూ మాత్రమే ఉంచాను. రేలకు మైకులు పట్టుకుని బయటికే పోతాను, ఇప్పచెట్టు కిందికి. అక్కడ గోడలు లేవు, మోత లేదు. డోలుకు పీజో బిళ్ళ అంటిస్తాను. పాడే అవ్వకు మైకు ఒక జానెడు దూరంలో. డోలు వాళ్లు ఆమెకు ఇరవై అడుగుల దూరంలో. ఖాళీ జాగాలో దూరం రెండింతలైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి, ఐదడుగుల్లో ఉన్న డోలు ఇరవైకి పోతే 12 తగ్గుతుంది. నాయనమ్మ పెళ్లిపాట రోజు నాకు కావలసింది ఆ పదిహేను అడుగులే. స్టూలు జరిపి ఉంటే సరిపోయేది.

ఇంకొక మాట, ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ఒక పెద్దాయన నాకు ఒక వేల్పు పాట పాడి ఇచ్చాడు. బాగుందని ఒక తెలిసినాయనకు ఫైలు పంపాను. రెండు నెలలకు అది డీజే దరువుతో ఊరంతా తిరిగింది, పాడిన వాళ్ల పేరు లేదు. ఆ పెద్దాయన నన్ను తిట్టలేదు. ఇంటికి వచ్చి, "అది పండుగ నాడు వేల్పు ముందర పాడేదయ్యా" అన్నాడు. అంతే. నేను అడగనే లేదు, ఎక్కడ వినిపించవచ్చు, ఎక్కడ వద్దు అని. అప్పటి నుంచి ప్రతి రికార్డింగు మొదట నా గొంతుతో చెబుతాను: తేదీ, ఊరు, పాడే వాళ్ల పేరు, ఏ సందర్భంలో పాడేది, ఎవరు వినవచ్చు. తర్వాత వాళ్ల గొంతుతోనే సరే అనిపిస్తాను. వద్దంటే మెషిన్ ఆపేసి ఊరికే వింటాను. అట్లా విన్నవి కూడా చాలా ఉన్నాయి.

2022లో కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. మణుగూరు దగ్గర కూనవరం ఆయనది. సమ్మక్క సారలమ్మల కథ ఆయన నోటి మీద ఉండేది. పద్మశ్రీ రాని వాళ్లు మన ప్రతి ఊళ్లో ఒకరిద్దరు ఉన్నారు. వాళ్ల వయసు మీకే తెలుసు.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెబుతాను. ఇంటర్‌ఫేస్ 4,500కు కొన్నాను. మైకులు నాలుగూ కలిపి వెయ్యి కూడా కాలేదు. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఫైలును ఎంపీ3గా కాకుండా వేవ్‌గా దాచండి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఒక్క మైకుకు గంటకు సుమారు 520 ఎంబీ పడుతుంది. మూడు కాపీలు చేసి, ఒకటి వేరే ఊళ్లో చుట్టాల ఇంట్లో పెట్టండి. నా హార్డ్ డిస్కు ఒకటి పిడుగు పడి పోయింది. చెల్లెలి ఇంట్లో ఉన్న కాపీతో బయటపడ్డాను.

భోజనాలయ్యాక అదిగో ఆ చింతచెట్టు కింద బల్ల వేశాను. పది బిళ్ళలు, రెండు సాల్డరింగ్ ఐరన్లు తెచ్చాను. మా మామ కూడా డోలు తీసుకుని వచ్చాడు. చెల్లెళ్లు ముందు రండి. పోయినసారి అబ్బాయిలే ఐరన్ పట్టుకుని కూర్చున్నారు, పాటలు తెలిసిందేమో మీకు.