న్యాయమూర్తి ఎవరివాడు?

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తల్లిదండ్రుల సభలో సంఘము పక్షమున చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో పరీక్షా ఫలితములను గూర్చియు, పాఠ్యపుస్తకములు ఆలస్యముగా వచ్చుటను గూర్చియు మాటలాడుకొనుట మనకు అలవాటు. ఈ యేడు తల్లిదండ్రులలో కొందరు వేరొక ప్రశ్న వేసిరి. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములనుండి బెంగుళూరునకును, అచ్చటినుండి అమెరికాకును ఉద్యోగములకై పోయిన బిడ్డలుగల యిండ్లు నేడు తక్కువ కావు. ఆ బిడ్డలు ఫోనులో చెప్పు మాటలు విని పెద్దలు కలవరపడుచున్నారు. అచ్చట అధ్యక్షుడు తలచినదే చట్టమగుచున్నదట, న్యాయస్థానములును ఆయన పక్షమేనట, నిజమేనా యని వారడిగిరి. మాకు తెలిసినంతలో సమాధానము చెప్ప యత్నించెదము. చెప్పుచు చెప్పుచు మన యూళ్ళకును రాక తప్పదు. ఏలయన ఈ వ్యాధి అమెరికాలో పుట్టినది కాదు.

2025వ సంవత్సరము జనవరి 20వ తేదీన ట్రంపు మహాశయుడు రెండవ పర్యాయము పదవిని స్వీకరించి, ఆ దినముననే ఒక ఉత్తరువు జారీ చేసెను. తల్లి తాత్కాలికమైన అనుమతిపై ఆ దేశముననుండి, తండ్రి అచ్చటి పౌరుడో శాశ్వత నివాసియో కానిచో, ఇకమీదట పుట్టు బిడ్డకు పౌరత్వము లేదనుట దానిలోని ఒక భాగము. తెలుగు ఇంజనీర్లలో అనేకులు అట్టి అనుమతిపైననే అచ్చట కాపురమున్నారు. కనుక అది మన యింటి మాటయే. మూడు దినములలో సియాటిల్ నగరపు న్యాయమూర్తి యొకరు ఆ యుత్తరువును నిలిపివేసి, అది రాజ్యాంగమునకు స్పష్టముగా విరుద్ధమని పలికిరి. ఆయనను నియమించినవాడు రీగన్ అధ్యక్షుడు. అనగా ట్రంపుగారి పక్షమునకు చెందినవాడే. ఇది విని మనము సంతోషించితిమి. కాని అదే సంవత్సరము జూన్ 27న సుప్రీంకోర్టు, పౌరత్వపు మాట తేల్చకయే, జిల్లా న్యాయమూర్తి వ్యాజ్యము వేసినవారిని మించి దేశమునంతటిని కాపాడు ఉత్తరువు లీయరాదని 6–3గా తీర్పు చెప్పినది. ఆ యారుగురును ఒక పక్షపు అధ్యక్షులు నియమించినవారు. ఆ మువ్వురును ఇంకొక పక్షపు అధ్యక్షులు నియమించినవారు. తీర్పులోని తర్కము ఎంత గట్టిదైనను, ఈ లెక్క చూచిన సామాన్యునికి శంక కలుగక మానునా?

ఆ దేశపు పద్ధతి ఇట్టిది. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని అధ్యక్షుడు ప్రతిపాదించును, సెనేటు ఆమోదించును, పిమ్మట ఆయన యావజ్జీవము ఆ పీఠముపై నుండవచ్చును. పదవీభయము లేకున్నచో న్యాయము నిర్భయముగా చెప్పునని పెద్దల తలంపు. తలంపు మంచిదే. అయితే భయము పోయినంతమాత్రమున పక్షము పోవునా? 2016లో ఒక స్థానము ఖాళీకాగా ఒబామా అధ్యక్షుడు మార్చి మాసమున గార్లండ్ అను న్యాయమూర్తిని ప్రతిపాదించెను. ఎన్నికల సంవత్సరమని చెప్పి సెనేటు ఆయనను పిలిచి విచారింపనైన లేదు. 2020 సెప్టెంబరులో మరియొక స్థానము ఖాళీయయ్యెను. ఈసారి ఎన్నికలకు ఎనిమిది దినములు మాత్రమే మిగిలియుండగా, అక్టోబరు 26న, బారెట్ అను న్యాయవేత్త్రిని ఆ సెనేటే ఆమోదించినది. అధికపక్షము ఒక్కటే, నాయకుడు ఒక్కడే, నీతులు మాత్రము రెండు!

2024 జులై 1న వెలువడిన తీర్పు మరియు గట్టిది. అధ్యక్షుడు తన ముఖ్య రాజ్యాంగాధికారములను నడపుచు చేసిన పనులకై ఆయనపై నేరవిచారణ సాగరాదనియు, తక్కిన అధికారికమైన పనులకును అట్టి రక్షణ యున్నట్లే మొదట భావింపవలెననియు 6–3గా చెప్పిరి. ఆ యారుగురిలో మువ్వురు ట్రంపుగారు నియమించినవారే. అయినను తొందరపడి వారందరు ఆయన నౌకరులని తీర్మానింపరాదు. 2020 డిసెంబరు 11న, ఎన్నికల ఫలితములను తారుమారు చేయగోరి టెక్సాస్ రాష్ట్రము తెచ్చిన వ్యాజ్యమును ఆ న్యాయస్థానమే త్రోసిపుచ్చినది. నియమించినవానికి ఋణము తీర్చుటయే వారి పనియైనచో, అంతకంటె మంచి సమయమేది?

పక్షపాతము చెడ్డవాడు చేసినప్పుడే మనకు కనబడును. మంచివాడు చేసినప్పుడు కనబడదు. రూజ్వెల్టు అధ్యక్షుడు బీదలకు మేలు చేసిన మహనీయుడు. ఆయన చట్టములను సుప్రీంకోర్టు వరుసగా కొట్టివేయగా, 1937లో, డెబ్బదియేండ్లు దాటియు విరమింపని ప్రతి న్యాయమూర్తికిని తోడుగా ఒక క్రొత్తవానిని, ఆరుగురికి మించకుండ, నియమించు బిల్లును తెచ్చెను. దానిని ఆపినవారు శత్రువులు మాత్రమే కారు. ఆయన పక్షమువారే సెనేటులో దానిని మూలబెట్టిరి. పిమ్మట కాలక్రమమున ఖాళీలు ఏర్పడగా న్యాయమూర్తులలో అత్యధికులు ఆయన నియమించినవారే యైరి. 1944లో కోరెమట్సు వ్యాజ్యము వారి యెదుటకు వచ్చినది. యుద్ధకాలమున జపాను జాతివారిని, అమెరికా పౌరులని యైనను చూడక, సుమారు 1,20,000 మందిని ఇండ్లు విడిపించి నిర్బంధ శిబిరములకు తోలిరి. వారిని ఇండ్లు విడిపించిన యుత్తరువు సరియేయని ఆ న్యాయస్థానము 6–3గా చెప్పినది. మంచి ప్రభువు, విద్వాంసులైన న్యాయమూర్తులు, అన్యాయమైన తీర్పు! కాదనిన మువ్వురిలో మర్ఫీ, జాక్సన్ అను నిద్దరు రూజ్వెల్టు నియమించినవారే యనుటయు మరువరాదు.

ఇక మన యూరికి వత్తము. గౌరిబిదనూరు తాలూకాలో ఉత్తర పినాకిని యొడ్డున విదురాశ్వత్థము కలదు. నాగప్రతిష్ఠకై పోని కుటుంబము మనలో అరుదు. 1938వ సంవత్సరము ఏప్రిల్ 25న అచ్చట జనులు గుమిగూడిరి. నాడు ఆ ప్రాంతము మైసూరు సంస్థానపు కోలారు జిల్లాలోనిది. కాంగ్రెసు జెండా నెత్తరాదని, సభ జరుపరాదని ఉత్తరువు. జనులు వినలేదు, పోలీసులు కాల్చిరి. చనిపోయినవారు పదిమంది యని సర్కారువారి లెక్క. ముప్పదికి పైబడిరని జనుల లెక్క. గాంధీజీ పనుపున వల్లభభాయి పటేలు, ఆచార్య కృపలానీ వచ్చి దివాను మీర్జా ఇస్మాయిలుగారితో మాటలాడగా, మే మాసమున ఒక యొడంబడిక కుదిరినది. కాల్పులపై విచారణకు ఒక సంఘమును నియమించిరి. దానికి అధ్యక్షుడు మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి సర్ వేపా రామేశముగారు. తెలుగువారు, పండితులు. ఆయన పక్షపాతియని మేమనము. మేము చెప్పునది ఒక్కటే: కాల్చినది ఎవరి పోలీసులో, విచారించువారిని ఎన్నుకొన్నదియు ఆ ప్రభుత్వమే. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టులో తూకము వేయువాడు కొనువాని కూలివాడైనచో అమ్మకమునకు వచ్చిన రైతు ఊరకుండునా? తూకము సరిగానే యుండవచ్చును. నమ్మకము మాత్రము కుదరదు.

సంస్థానము పోయినది, రాజ్యాంగము వచ్చినది. అంతటితో భయము తీరెననుకొన్నవారికి 1973లో మొదటి హెచ్చరిక వచ్చినది. ఏప్రిల్ 24న కేశవానంద భారతి వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మరునాడే షెలత్, హెగ్డే, గ్రోవర్ అను మువ్వురు పెద్దలను దాటించి, ప్రభుత్వమునకు అనుకూలముగా చెప్పిన ఏ.ఎన్. రే గారిని ప్రధాన న్యాయమూర్తిని చేసిరి. హెగ్డేగారు మన మైసూరు హైకోర్టునుండి పోయినవారు. ఆ మువ్వురును రాజీనామా చేసిరి.

1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితిని ప్రకటించిరి. పార్లమెంటు సంఘపు పనిమీద బెంగుళూరు వచ్చియున్న వాజపేయి, అద్వానీ, శ్యామనందన మిశ్రా, మధు దండవతే గార్లను మరునాడు పట్టి బెంగుళూరు జైలులో పెట్టిరి. వారు హెబియస్ కార్పస్ వ్యాజ్యములు వేసిరి. ఒక మనిషిని బంధించినచో, ఏ చట్టము ప్రకారము బంధించితివో న్యాయస్థానము నెదుట చెప్పుమని ప్రభుత్వమును అడుగు హక్కు అది. అట్టి వ్యాజ్యములను వినవచ్చునని చెప్పిన తొమ్మిది హైకోర్టులలో కర్ణాటక హైకోర్టు ఒకటి. సంతోషింపదగిన మాట. కాని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4–1గా, అత్యవసర కాలమున అట్టి హక్కు లేదని తేల్చినది. పోలీసువాడు సొంతపగతో మనిషిని చంపినను ఉపాయము లేదా యని వాదము నడుచుచుండగా ఖన్నాగారు అడిగిరి. లేదనియే ప్రభుత్వ న్యాయవాది ఒప్పుకొనెను. కాదని వ్రాసినవారు ఆ ఖన్నాగారొక్కరే. 1977 జనవరిలో ఆయనను దాటించి వెనుకవారిని ప్రధాన న్యాయమూర్తిని చేసిరి.

హైకోర్టుల న్యాయమూర్తులకు మరియొక మందు సిద్ధమైనది: బదిలీ! 1976లో పదునారుగురిని వారి యనుమతి లేకయే ఇతర రాష్ట్రములకు పంపిరి. మన కర్ణాటక హైకోర్టునుండి డి.ఎం. చంద్రశేఖర్ గారిని అలహాబాదునకును, సదానందస్వామి గారిని గౌహతికిని పంపిరి. గుజరాతునుండి సంకల్‌చంద్ షేఠ్ గారిని ఆంధ్రప్రదేశమునకు పంపగా, ఆయన ఆ బదిలీపైననే వ్యాజ్యము వేసిరి. కాగితముపై అంతయు ప్రజాహితమే. న్యాయస్థానము తలుపు మూయనక్కరలేదు. లోపల కూర్చుండువారిని మార్చిన చాలును. నిరంకుశుడు ఏ దేశమువాడైనను మొదట నేర్చు పాఠమిదే.

ఆ దినములలో బెంగుళూరు జైలులో ఒక తెలుగింటి యాడుపడుచు కలదు. స్నేహలతారెడ్డిగారు నటి; నెల్లూరు కవి పఠాభి, అనగా పట్టాభిరామరెడ్డిగారి భార్య. 1976 మే నెలలో పట్టుకొనిరి. ఉబ్బసపు రోగి. నేరము ఋజువు కాలేదు, విచారణయు జరుగలేదు. ఎనిమిది మాసములు గడిచినపిమ్మట, 1977 జనవరి 15న పెరోలుపై విడిచిరి. 20న ఆమె కన్నుమూసిరి. పై తీర్పు చట్టపుస్తకములలోని మాట యనుకొనువారు ఈ రెండు తేదీలను జ్ఞాపకముంచుకొనవలెను.

ఆ తీర్పును సుప్రీంకోర్టే 2017 ఆగస్టు 24న కొట్టివేసినది. ఆ వ్యాజ్యము తెచ్చిన పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. 1976లో అధికసంఖ్యాకులలో నొకరైన చంద్రచూడ్ గారి కుమారుడే, తండ్రి చేరిన తీర్పు తప్పని వ్రాసెను. అది జరుగుటకు 41 సంవత్సరములు పట్టినది.

ఇదంతయు మన పాఠశాలకేల యని కొందరనవచ్చును. మన పాఠశాల నిలిచియున్నది రాజ్యాంగపు 30వ అధికరణముపైన. ఓట్ల సంఖ్య మనకు బలము కాదు. బాగేపల్లిలో వీధి వీధి తెలుగు మాటలాడవచ్చును. రాష్ట్రపు లెక్కలో మనము అల్పసంఖ్యాకులమే. 1971లో పంజాబులోని డి.ఏ.వి. కళాశాలల వ్యాజ్యము వచ్చినది. పంజాబీయే బోధనభాష, గురుముఖియే లిపి యని నిర్బంధించిరి. భాషాల్పసంఖ్యాకులకు వేరు మాటలాడు భాష యున్న చాలును, వేరు లిపి యుండనక్కరలేదని చెప్పి, వారి పక్షమున తీర్పు వ్రాసినవారు హైదరాబాదువారైన పి. జగన్మోహనరెడ్డిగారు. ఆయన పంజాబీ కారు, ఆర్యసమాజీకులు కారు. వారివలన ఆయనకు కలుగు లాభమేమియు లేదు. మనకు కావలసిన న్యాయమూర్తి అట్టివాడు. తెలుగువాడు గనుక మనకు మేలు చేయునని ఒకనిని కోరుకొన్న దినమున, కన్నడిగుడు గనుక కీడు చేసెనని ఇంకొకనిని నిందించు హక్కు మనకుండదు.

మనలో ఈ దౌర్బల్యము లేకపోలేదు. 2014 మే 6న, ప్రాథమిక తరగతులలో మాతృభాషనే బోధనభాషగా ప్రభుత్వము నిర్బంధింపరాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము కర్ణాటక వ్యాజ్యమున చెప్పగా, మనవారు కొందరు విజయమనిరి, కొందరు ద్రోహమనిరి. తీర్పు చదివినవారు ఇరువురిలోను తక్కువ. కన్నడ నిర్బంధము తప్పినది, నిజమే; కాని తెలుగు విడిచి ఇంగ్లీషునకు బిడ్డను పంపు తండ్రికిని అదే తీర్పు స్వేచ్ఛ నిచ్చినది. మన తరగతులలో సంఖ్య తగ్గుటకు న్యాయమూర్తులు కారణమనుట న్యాయము కాదు.

కాబట్టి అమెరికానుండి బిడ్డ ఫోను చేసి న్యాయస్థానము ఇట్లు చేసినదని చెప్పినప్పుడు, ఎవరు గెలిచిరని మాత్రమే అడుగకుడు. కారణములు వ్రాసిరా, భిన్నాభిప్రాయము చెప్పినవారెవరు, తనను నియమించినవారికి వ్యతిరేకముగా ఎవరైన పలికిరా యని అడుగుడు. ఇచ్చటి తీర్పులను గూర్చియు అట్లే. పదవ తరగతి బిడ్డలకు ఈ ప్రశ్నలు కష్టము కావు. క్రికెట్టులో అంపైరును గూర్చి వారింతకంటె సూక్ష్మముగా వాదింతురు.

ఉన్నత తరగతులవారిని ఈ సంవత్సరము విదురాశ్వత్థమునకు కొనిపోవలెనని సంఘము నిశ్చయించినది. గుడియును, నాగశిలలును చూచిన పిదప, కాల్పులలో పడినవారి స్మారకముకడ బిడ్డలు కొంతసేపు కూర్చుండి ఆనాటి కథను తెలుగులోను, కన్నడములోను చదువుదురు. తల్లిదండ్రులలో వీలుగలవారు తోడు రావలెనని కోరుచున్నాము. వచ్చువారు తమ పేర్లను తరగతి ఉపాధ్యాయులకు ఈయవలెను.