పద్యం అందరిదీ, గొంతు గాయకుడిదీ

పెద్దాపురం సీమకు చెందిన ఏనుగు లక్ష్మణకవి 18వ శతాబ్దంలో భర్తృహరి సుభాషితాలను తెనిగించారు. బడిలో నేర్చిన ఆ పద్యాలు ఇప్పుడు మన ఫోన్లలో వినిపిస్తున్నాయి. మరి వాటిపై హక్కు ఎవరిది?

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచనపై హక్కు రచయిత బతికినంత కాలం, ఆ తరువాత మరో 60 ఏళ్లు ఉంటుంది. ఆ లెక్కన లక్ష్మణకవి పద్యాలు మనందరి సొత్తు. ఎవరైనా అచ్చు వేయవచ్చు, పాడవచ్చు, యూట్యూబ్‌లో పెట్టవచ్చు.

కానీ ఒక గాయకుడు వాటికి రాగం కట్టి పాడి రికార్డు చేస్తే సంగతి వేరు. ఆ రికార్డింగుకు 60 ఏళ్లు, పాడిన కళాకారుడికి 50 ఏళ్లు, రేడియో ప్రసారానికి 25 ఏళ్లు రక్షణ ఉంది. ఇంటర్నెట్‌లో దొరికింది కదా అని ఆ పాటను కత్తిరించి మన వీడియోకు అతికించుకోకూడదు. అయితే సొంత అధ్యయనానికి, విమర్శకు తగుమాత్రంగా వాడుకునే వెసులుబాటును చట్టమే ఇచ్చింది.

అందుకే పద్యాన్ని మీ గొంతుతోనే పాడండి. వేరొకరి గొంతు కావాలంటే అనుమతి అడగండి. కవి పేరు మాత్రం తప్పక చెప్పండి. హక్కుకు గడువు తీరుతుంది, కవి ఋణం తీరదు.